ముఖం చెరిగిన మనిషి: ఆధునిక భారతీయ చిత్రకళలో మానవ సంబంధం

ఆధునిక చిత్రకళపై మన దేశంలో తరచు వినవచ్చే అభియోగం ఒకటి ఉన్నది. కొత్త చిత్రకారులు మనిషిని మనిషిగా ఉండనీయలేదని, కన్ను ఉండవలసిన చోట చీకటిని, చెయ్యి ఉండవలసిన చోట కోణాన్ని నిలిపి మానవాకృతిని అవమానించారని ఆ అభియోగ సారాంశం. పోలికే చిత్రానికి ప్రాణమని నమ్మినవారికి ఈ ఫిర్యాదు సహజమే. కాని ఇరవయ్యవ శతాబ్దపు భారతీయ చిత్రకళా చరిత్రను క్రమంగా పరిశీలించినప్పుడు వేరొక సంగతి తేటపడుతుంది. మనిషి ముఖం చెరిగిన కొలదీ, మనిషికి మనిషికి నడుమనున్న దూరం, స్పర్శ, మౌనం, భయం చిత్రంలో అంతకంతకు స్పష్టమవుతూ వచ్చాయి. వ్యక్తి పోలిక తగ్గిన చోట సంబంధం పోలిక హెచ్చింది. ఈ పరిణామం ఎవరి చేతుల్లో, ఏ కారణాలవల్ల జరిగిందో తెలుసుకోవటం మాటలతో పనిచేసే రచయితకు నిష్ప్రయోజనం కాదు.

ఉన్నదున్నట్లు చిత్రించటమే భారతీయ సంప్రదాయమని, రూపాన్ని మార్చటం పరదేశీయుల వ్యామోహమని భావించటం సరికాదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్ర ప్రకరణంలో వజ్రుడు ప్రతిమాలక్షణాన్ని అడగగా, మార్కండేయుడు నేరుగా సమాధానం చెప్పడు. చిత్రం తెలియనిదే ప్రతిమ తెలియదని, నృత్తం తెలియనిదే చిత్రం తెలియదని, అక్కడినుండి వాద్యానికి, గీతానికి ప్రశ్నను తీసుకొనిపోతాడు. చిత్రంలోని మనిషి వీధిలో కనిపించే ఫలానా మనిషికంటె రంగస్థలంమీది నర్తకుడికి దగ్గరి చుట్టమని ఆ మాటల అంతరార్థం. అజంతా గుహల్లోని దంపతుల అనురాగం మెడల వంపులోను, వేళ్ల కొసల్లోను ఉన్నది గాని, ముక్కు చెవుల కొలతల్లో లేదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద విజయనగర కాలపు చిత్రకారులు పార్వతీ కల్యాణాన్ని చిత్రించినప్పుడు కూడ వారు నమ్ముకొన్నవి దృఢమైన గీత, పక్కకు తిరిగిన ముఖం, హస్తవిన్యాసం మాత్రమే. సంబంధాన్ని సంజ్ఞగా మార్చటం ఈ దేశానికి కొత్త విద్య కాదు.

ఆ విద్యకు అంతరాయం కలిగించింది పందొమ్మిదవ శతాబ్దం. ఐరోపా తైలవర్ణ పద్ధతిని స్వాధీనం చేసుకొన్న రాజా రవివర్మ దేవతలకు, పురాణ నాయికలకు వెలుగు నీడలతో కూడిన శరీరాలను ఇచ్చాడు. 1894లో ఆయన స్థాపించిన ముద్రణాలయం ద్వారా ఆ రూపాలు సామాన్యుల ఇండ్లలోకి, పూజామందిరాల్లోకి ప్రవేశించాయి. 1899లో చిత్రించిన హంస దమయంతి చిత్రం ఇక్కడ ప్రత్యేకంగా గమనింపదగినది. ఆ చిత్ర విషయమే సందేశం: ఒకరి హృదయాన్ని వేరొకరికి చేరవేయటం. ఐతే శృంగార నైషధం చదివిన తెలుగువాడికి ఆ హంస పలుకులు వినబడతాయి. కథ తెలియనివాడికి అక్కడ ఉన్నవి ఒక సుందరాంగి, ఒక పక్షి. అనగా సంబంధం చిత్రంలో లేదు, చిత్రానికి వెలుపల, చూపరి జ్ఞాపకంలో ఉన్నది. చిత్రం కావ్యానికి సాక్ష్యం చెప్పింది. కథ లేని మనుషులను, పేరు లేని మనుషులను చిత్రించవలసి వచ్చినప్పుడు వారి నడుమ ఏమున్నదో చెప్పేదెట్లా అన్నది తరువాతి శతాబ్దానికి మిగిలిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు తొలి సమాధానం ఒక కవి నుండి రావటం విశేషం. రవీంద్రనాథ ఠాకూరు 1924లో, తరువాత పూరవి సంపుటంలో చేరిన గీతాలను వ్రాస్తున్న కాలంలో, కొట్టివేసిన పంక్తులను ఒకదానితో ఒకటి గీతలతో కలుపుతూ పోయేవాడు. కొట్టివేతలు కలిసి పక్షులయినాయి, మృగాలయినాయి, ముఖాలయినాయి. అర్జెంటీనాలో ఆయనకు ఆతిథ్యమిచ్చిన విక్టోరియా ఒకాంపో ఆ వ్రాతప్రతిలోని గీతలను గుర్తించింది. 1930 మే నెలలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ఆయన చిత్రాల తొలి ప్రదర్శన ఏర్పాటు కావటానికి తోడ్పడినది ఆమెయే. అప్పటికి ఆయనకు అరవై తొమ్మిదవ ఏడు. జీవితపు చివరి పదునైదేండ్లలో ఆయన రెండు వేలకు పైగా చిత్రాలు వేశాడు. పేర్లు పెట్టటానికి మాత్రం ఇష్టపడలేదు.

పేరు పెట్టకపోవటం కేవలం కవి చాపల్యం కాదు. మాటమీద అంతటి అధికారం గల మనిషి మాటను నిరాకరించిన స్థలం అది. ఆయన చిత్రించిన స్త్రీముఖాలు కోలగా, నీడలోనుండి తొంగిచూస్తున్నట్లుంటాయి. అవి ఎవరివని అడిగితే సమాధానం లేదు. ఎదుటివానితో ఏదో చెప్పబోయి ఆగిపోయిన ముఖాలని మాత్రం తెలుస్తుంది. కొట్టివేసిన మాటకు చోటు దొరికింది గనుక అవి పుట్టాయి. చెప్పలేకపోవటం కూడ ఒక విధమైన సంభాషణయేనని భారతీయ చిత్రం ఈ కొట్టివేతల దగ్గర నేర్చుకొన్నది.

అమృతా షేర్‌గిల్ ఆ మౌనాన్ని సమూహంలోకి తెచ్చింది. 1913లో బుడాపెస్ట్‌లో, సిక్కు తండ్రికి, హంగేరియన్ తల్లికి పుట్టిన ఆమె పారిస్‌లో శిక్షణ పొంది 1934 చివర భారతదేశానికి తిరిగివచ్చింది. మరుసటి సంవత్సరం చిత్రించిన ముగ్గురు బాలికలు అన్న చిత్రం ఆమె మార్గాన్ని నిర్ణయించింది. ముగ్గురు యువతులు పక్కపక్కనే ఉన్నారు. వారి వెనుక ఇల్లు లేదు, చెట్టు లేదు, కథ లేదు. ఒకరి చూపు వేరొకరి చూపును కలియదు. చూపరి వైపుకూ రాదు. దుస్తులు రంగు పలకలుగా, దేహాలు సరళమైన ఆకృతులుగా మారాయి. అంత దగ్గరగా ఉండి కూడ మాటాడుకోని ఆ ముగ్గురినీ కలిపి ఉంచినది రంగు. వేరు చేసినది చూపు. ఒకే విధి తమకోసం వేచి ఉన్నదని తెలిసినవారు ఒకరినొకరు చూచుకోలేకపోవటం ఎట్టిదో ఆ చిత్రం చెప్పినంత తక్కువ సామగ్రితో చెప్పటం కథకుడికి కష్టం. అజంతా దర్శనం, దక్షిణదేశ యాత్ర తరువాత 1937లో వేసిన వధువు అలంకరణ, బ్రహ్మచారులు మొదలైన చిత్రాల్లో ఆకృతి ఇంకా సంక్షిప్తమైనది. 1941 డిసెంబరులో లాహోరులో, ఇరవై ఎనిమిదేండ్ల వయస్సులో ఆమె మరణించింది.

1947 రెండు విధాల ఒక ఎల్లరాయి. ఆ సంవత్సరం బొంబాయిలో సూజా, రజా, ఆరా, హుసేన్, గాడే, బాక్రేలు కలిసి ప్రగతిశీల చిత్రకారుల బృందాన్ని స్థాపించారు. ఆ సంవత్సరమే దేశం రెండయినది. పొరుగువాడు పొరుగువాడిని చంపాడు. మనిషికి మనిషికి నడుమ ఏమున్నదన్న ప్రశ్న శైలికి సంబంధించినదిగా మాత్రమే ఉండే వీలు ఇక లేకపోయింది. ఆ బృందపు తరానికి చెందిన చిత్రకారులు, బృందంలో చేరినవారూ చేరనివారూ, ఆ ప్రశ్నకు నాలుగు వేర్వేరు సమాధానాలు ఇచ్చారు: స్పర్శ, ఒంటరితనం, గూఢలిపి, విచ్ఛేదం.

స్పర్శను చిత్రించినవాడు అక్బర్ పదంసీ. ప్రేమికులు అన్న ఆయన చిత్రంలో స్త్రీపురుషులు శిల్పంవలె గట్టి రేఖలతో, ముఖభావం దాదాపు లేకుండా ఉంటారు; పురుషుని చెయ్యి స్త్రీ వక్షంపై ఉంటుంది. 1954లో బొంబాయి జహంగీర్ చిత్రశాలలో దానిని ప్రదర్శించినప్పుడు పోలీసులు తొలగించమన్నారు. చిత్రకారుడు నిరాకరించి అరెస్టయినాడు. న్యాయస్థానం ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. ప్రభుత్వం పై న్యాయస్థానానికి వెళ్లినా తీర్పు మారలేదు. ఉమామహేశ్వర విగ్రహాల్లో ఇదే హస్తవిన్యాసాన్ని శతాబ్దాలుగా చూచిన దేశంలో ఈ వ్యాజ్యం జరగటం ఆశ్చర్యమే. కాని అందులో ఒక సత్యం ఉన్నది. దేవుళ్ల పేర్లు తీసివేసి, కథ తీసివేసి, ముఖాలనుండి శృంగార చేష్టను కూడ తీసివేసిన తరువాత మిగిలినది ఒక మనిషి వేరొక మనిషిని తాకటం మాత్రమే. ఆ శుద్ధమైన స్పర్శయే అధికారులను కలవరపెట్టింది. రూపం సంక్షిప్తమైతే అర్థం నీరసిస్తుందని వాదించేవారికి ఈ వ్యాజ్యమే ప్రత్యుత్తరం.

ఒంటరితనాన్ని చిత్రించిన రామ్‌కుమార్ హిందీ కథారచయిత కూడ; ప్రసిద్ధ రచయిత నిర్మల్ వర్మకు అన్నగారు. 1950 ప్రాంతంలో పారిస్‌లో ఆంద్రే లోత్, ఫెర్నాన్ లెజేల వద్ద శిక్షణ పొంది తిరిగివచ్చిన ఆయన, ఆ దశాబ్దమంతా నగరంలోని గుమాస్తాలను, నిరుద్యోగులను, ఇరుకిండ్ల మధ్య నిలిచిపోయిన కుటుంబాలను చిత్రించాడు. పెద్ద కళ్లు, బిగిసిన చేతులు, వెనుక ఒకదానిపై ఒకటి ఒరిగిన ఇండ్లు. మనుషులు పక్కపక్కనే నిలిచి కూడ ఎవరి శూన్యాన్ని వారు చూస్తుంటారు. 1960లో హుసేన్‌తో కలిసి ఆయన కాశీకి వెళ్లాడు. వేలమంది యాత్రికులు, శవయాత్రలు, వితంతువులు ఉన్న ఆ నగరాన్ని చూచి వచ్చిన తరువాత ఆయన చిత్రాల్లోనుండి మనుషులు క్రమంగా మాయమైనారు. ఘట్టాలు, గోడలు, తలుపులు, నీటిరంగు మాత్రం మిగిలాయి. మనుషుల్ని వదలుకొన్నాడని కొందరు విచారించారు. ఐనా ఆ ఖాళీ ఇండ్లు నిర్జనమైనవిగా కాక, ఇప్పుడే ఎవరో వెళ్లిపోయినవిగా కనిపిస్తాయి. ఎడబాటును చూపటానికి ఎడబాసినవారిని చూపనక్కరలేదని కథకుడైన చిత్రకారుడికి తెలుసు.

మఖ్బూల్ ఫిదా హుసేన్ 1956లో వేసిన సాలీడుకు దీపానికి నడుమ అన్న చిత్రం భాషను గురించి ఆలోచించేవారు తప్పక చూడదగినది. ప్రాచీన శిల్పాలను తలపించే స్త్రీలు ఐదుగురు నిలిచి ఉన్నారు. పైనుండి ఒక దీపం వ్రేలాడుతున్నది; ఒక స్త్రీ చేతినుండి దారంపై సాలీడు వ్రేలాడుతున్నది. చిత్రం పైభాగాన బ్రాహ్మినో, మరచిపోయిన మరో లిపినో పోలిన అక్షరాల వరుస ఉన్నది. దానిని చదవటం ఎవరికీ సాధ్యం కాదు, ఎందుకంటే అది ఏ భాషా కాదు. ఆ స్త్రీల నడుమ ఏదో మాట నడుస్తున్నది. దానికి లిపి కూడ ఉన్నది. తాళపుచెవి మాత్రం చూపరికి ఇవ్వబడలేదు. పరాయి ఇంటి ముంగిట నిలిచి లోపలి మాటల సవ్వడిని వినేవాని స్థితి అది.

ఈ హుసేన్ 1980 ప్రాంతం నుండి మదర్ థెరీసాను పదేపదే చిత్రించాడు. నీలి అంచు తెల్లచీర ఉంటుంది, ఆ చీర మడతల్లో బిడ్డ ఉంటాడు, చేతులు ఉంటాయి. ముఖం ఉండవలసిన చోట చీకటి మాత్రమే ఉంటుంది. ఆయన తల్లి ఆయన పసితనంలోనే, ముఖం గుర్తుండని వయస్సులో, మరణించింది. కాబట్టి ఆ శూన్యం చిత్రకారుని అహంకారం కాదు. తల్లి ముఖమెరుగని బిడ్డ చెప్పగల ఏకైక నిజం. ముఖం తెలియకపోయినా ఒడి తెలుసు. ఆకృతిని చెరపటం మానవత్వాన్ని చెరపటమేనన్న వాదం ఈ చిత్రమాల ముందు నిలువదు.

దక్షిణాదిలో మద్రాసు కళాశాల ప్రధానాచార్యుడు, 1966లో చోళమండల కళాకారుల గ్రామానికి మూలపురుషుడు అయిన కె.సి.ఎస్. పణికర్ ఇదే దారిలో మరొక అడుగు వేశాడు. 1963లో ఆరంభించిన పదాలు, సంకేతాలు అన్న చిత్రమాలలో జాతకచక్రాలు, గణితపు పట్టికలు, మలయాళ లిపిని తలపించే వ్రాతలు ఆక్రమించగా, మనుషులు, జంతువులు వాటి మధ్య చిన్న గుర్తులుగా ఒదిగిపోయారు. ఠాకూరు దగ్గర కొట్టివేసిన అక్షరం మనిషి అయినది; పణికర్ దగ్గర మనిషి అక్షరమైనాడు. నలభై ఏండ్లలో భారతీయ చిత్రం ఒక పూర్తి వలయం తిరిగింది.

ఐతే ఈ చరిత్రలో అతి కఠినమైన పాఠం తైయబ్ మెహతాది. 1925లో గుజరాతులోని కపడ్వంజ్‌లో పుట్టిన ఆయన, 1947 అల్లర్లలో బొంబాయి మహమ్మదాలీ రోడ్డులోని తన ఇంటి కిటికీనుండి, కింద వీధిలో ఒక మనిషిని గుంపు కొట్టి చంపటం చూచాడు. ఆ దృశ్యాన్ని ఆయన ఎన్నడూ యథాతథంగా చిత్రించలేదు. వీధి, గుంపు, ఆయుధాలు, రక్తం ఆయన పటాల్లో లేవు. కాళ్లు కట్టివేసిన ఎద్దు వచ్చింది. రిక్షాతో ఏకమైపోయిన రిక్షావాడు వచ్చాడు. పట్టు దొరకని శూన్యంలో తలకిందులుగా పడిపోతున్న మనిషి వచ్చాడు. ఆ పడిపోయే ఆకృతికే 1968లో ఢిల్లీలో జరిగిన తొలి త్రైవార్షిక ప్రదర్శనలో స్వర్ణపతకం లభించింది.

ఆ సంవత్సరమే న్యూయార్కు వెళ్లి, బార్నెట్ న్యూమన్ చిత్రాలను ప్రత్యక్షంగా చూచిన తరువాత ఆయన మందపు పూతలను విడిచి, ఒకే రంగు సమంగా పరచిన విశాలమైన తలాలను స్వీకరించాడు. తిరిగివచ్చిన తరువాత, 1969లో, పని సాగక విసిగిన ఒక క్షణంలో పటంమీద అడ్డంగా ఒక నల్లని గీత విసిరాడు. ఆ వాలుగీతయే తరువాతి సంవత్సరాల్లో ఆయన చిత్రాలకు వెన్నెముక అయినది. మూలనుండి మూలకు సాగే ఆ గీత దేహాన్ని రెండుగా నరుకుతుంది. ఒక సగం ఒక రంగులో, వేరొక సగం వేరొక రంగులో పడుతుంది. ఇద్దరున్న చోట గీతకు అటు ఎవరి చెయ్యి, ఇటు ఎవరి కాలు అన్నది వెంటనే తేలదు. దానిని దేశవిభజన రేఖ అని వ్యాఖ్యానించినవారున్నారు. ఆ వ్యాఖ్య తప్పు కాదు గాని చాలదు. సరిహద్దు రెండు దేశాలను వేరుచేస్తుంది; ఈ గీత వేరుచేస్తూనే పట్టి ఉంచుతుంది. అది లేకపోతే ఆ రెండు ఖండాలు ఒక చిత్రంగా నిలువవు. చంపినవాడిని, చచ్చినవాడిని, కిటికీనుండి చూచినవాడిని జీవితాంతం విడదీయరానట్లు కట్టివేసిన బంధం అట్టిదే.

1970లో ఆయన తీసిన లఘుచిత్రానికి కూడల్ అని పేరు. తమిళంలో కలయిక అని అర్థమిచ్చే ఆ మాట తెలుగువాడికి వ్యాఖ్యానం అక్కరలేని కూడలికి దగ్గరిది. అందులో మనుషుల గుంపులతోపాటు బొంబాయి కబేళాలోని పశువులు కనిపిస్తాయి. మనుషులు కలుసుకొనే చోటు, మనిషిని నరికే చోటు ఒకటే కావచ్చునన్న ఎరుక ఆ పేరులో ఉన్నది. ఐనా ఆయన అక్కడ ఆగిపోలేదు. శాంతినికేతనంలో గడిపిన కాలం తరువాత, 1980 దశకం నడుమ, సంతాలుల ఉత్సవాన్ని స్మరిస్తూ మూడు ఫలకాల పెద్ద చిత్రం వేశాడు. 1990 దశకంలో దేవిని, మహిషాసురుని చిత్రించాడు. ఆ చిత్రాల్లో సంహరించే చేతులు, హత్తుకొనే చేతులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. వైరం కూడ ఒక సంబంధమేనని, ద్వేషించేవాడు ద్వేషింపబడేవానితో ఏకదేహుడవుతాడని అక్కడ రేఖ చెబుతుంది. ఆ మహిషాసుర చిత్రాల్లో ఒకటి 2005లో న్యూయార్కు వేలంలో పది లక్షల డాలర్లు మించిన ధర పలికింది. 2009లో ఆయన మరణించాడు. ధర వార్త అయినది. 1947 నాటి వీధి ఆ వార్తలో లేదు.

తెలుగు నేల ఈ చరిత్రకు వెలుపల లేదు. కరీంనగరం జిల్లాలో పుట్టిన పి.టి. రెడ్డి, బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, ప్రగతిశీల బృందానికంటె ముందే, 1941లో అక్కడి యువ చిత్రకారుల సమకాలీన బృందంలో ప్రముఖుడైనాడు. మెదకు జిల్లా నిజాంపురంలో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్, హైదరాబాదులోను బరోడాలోను నేర్చిన విద్యతో, పల్లెల స్త్రీపురుషులను చెట్లతోను మేకలతోను అల్లుకొనిపోయిన దేహాలుగా చెక్కాడు. నగర చిత్రకారుని మనిషికి ఎదుట మనిషి దొరకక శూన్యం దొరికితే, ఈ పల్లె మనిషికి మనిషితోపాటు పశువు, తీగ, నేల కూడ దొరికాయి. సంబంధమన్నది మనుషుల నడుమనే ఉండవలసిన నియమం లేదని ఆయన రేఖ గుర్తుచేస్తుంది.

ఇంతకు ఒక ఆక్షేపణ మిగిలే ఉన్నది. రవివర్మ చిత్రం పామరుడి ఇంటి గోడకు చేరింది. తైయబ్ చిత్రం ధనికుని భవనానికో, సంగ్రహాలయానికో చేరింది. మనిషికి మనిషికి నడుమనున్న దానిని గురించి ఇంత చెప్పిన కళ, తనకూ జనసామాన్యానికీ నడుమనున్న దూరాన్ని తగ్గించలేకపోయింది. ఈ ఆక్షేపణ న్యాయమైనది. దీనికి చిత్రకారులు ఒక్కరే ఉత్తరవాదులు కారు. చూడటం నేర్పని పాఠశాలకు, జిల్లాలకు చిత్రశాలలు లేకపోవటానికి, ధరను తప్ప చిత్రాన్ని వర్ణించని పత్రికకు అందులో భాగమున్నది. రచయితల భాగం కూడ తక్కువ కాదు. ఒకప్పుడు చిత్రం కావ్యాన్ని ఆశ్రయించి బ్రతికింది. కావ్యం తోడు విడిచిన తరువాత ఈ కొత్త చిత్రం గురించి దేశభాషల్లో వ్రాసినవారు కొద్దిమందే. ఆ కొరతవల్లనే అర్థం కాదన్న మాట తీర్పుగా స్థిరపడింది.

ముగ్గురు బాలికల కలియని చూపులు, చీర మడతల్లోని ముఖం లేని తల్లి, దేహాన్ని నరుకుతూ కూడ పట్టి ఉంచే వాలుగీత: వీటిని చూడటానికి శాస్త్రజ్ఞానం అవసరం లేదు. ఒక ఇంట్లో ఉండి మాటాడుకోని మనుషులను ఎరిగినవాడు, తల్లి ముఖం మరచినవాడు, పొరుగువాడి ఎదుట తలుపు మూసుకొన్నవాడు వాటిని గుర్తుపట్టగలడు. వారి పక్కన నిలిచి, వారి భాషలోనే, ఇదుగో ఈ గీత అని వేలుతో చూపేవాడొకడు కావాలి. ఆ పని చిత్రకారుడిది కాదు, మాట తెలిసినవాడిది.